పాత కారు ఎటు లాగుతోంది?

నా దగ్గర 1997 నాటి మారుతీ 800 ఉంది. రెండు వేసవుల క్రితం విజయవాడ నుంచి హైదరాబాదు వస్తూ సూర్యాపేట దాటిన కాసేపటికి, ముందున్న లారీ ఉన్నట్టుండి వేగం తగ్గించింది. బ్రేకు తొక్కాను. కారు ఆగడమైతే ఆగింది కానీ, ఆగేలోపు దాని ముక్కు ఎడమకు తిరిగింది. మూరెడు కూడా ఉండదు ఆ జరుగుడు. అయినా పక్కన ఒక మోటారు సైకిలు ఉండి ఉంటే ఆ మూరెడే చాలు.

ఆ తర్వాత నెల రోజుల్లో మూడుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించాను. మూడుసార్లూ తెర మీద అంకెలన్నీ ఆకుపచ్చ రంగులోనే కనిపించాయి. మూడుసార్లూ బ్రేకు తొక్కగానే బండి ఎడమ దారే పట్టింది. షాపువాళ్ళు పని సరిగా చేయలేదని అప్పట్లో అనుకున్నాను. అది నా పొరపాటు. యంత్రం చెప్పినదంతా నిజమే. అయితే అది కొలిచింది ఆగి ఉన్న కారును. నా ఫిర్యాదు పరిగెత్తే కారు గురించి, అందులోనూ బ్రేకు పడిన ఆ రెండు క్షణాల గురించి. నిలబడి ఉన్న మనిషిని చూపించి ఇతను ఏ కాలు కుంటుతున్నాడో చెప్పమన్నట్టుంది నేను చేసిన పని.

పాత కార్ల నడకలో వచ్చే లోపాల్లో చాలా భాగం ఇటువంటివే. బండి కదలకుండా ఉన్నంతసేపూ అన్ని భాగాలూ తమ చోట్లలో బుద్ధిగా కూర్చుంటాయి. మలుపులో, గతుకులో, బ్రేకులో బలం పడినప్పుడే అరిగిన కీలు తన చోటు వదిలి జరుగుతుంది. ఇంటి దగ్గర పరీక్ష చేయదలచినవారు ముందుగా ఏ కీలు మీద ఏ దిక్కు నుంచి బలం పడుతుందో తెలుసుకోవాలి. తర్వాత ఆ బలాన్నే ఆగి ఉన్న బండి మీద కావాలని తెప్పించి చూడాలి. ఇందుకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక జాకీ, రెండు స్టాండ్లు, పానాలు, పలుగు, దారం, స్కేలు, బ్రేకు తొక్కడానికి ఇంట్లో మరో మనిషి ఉంటే సరిపోతుంది.

మారుతీ 800ని ఉదాహరణగా తీసుకోవడానికి నాకున్న మమకారం ఒక్కటే కారణం కాదు. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి వరకు తయారైన ఈ బండి దేశంలో 25 లక్షలకు పైగా అమ్ముడైంది. మన జిల్లా కేంద్రాల్లో ఎందరో దీని మీదే డ్రైవింగ్ నేర్చుకున్నారు. పైగా దీని ముందు చక్రాల అమరిక తర్వాత వచ్చిన చిన్న కార్లలో అత్యధికం వాడిన అమరికే. దాన్ని రూపొందించినవాడు అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్. 1950లో బ్రిటన్‌లో ఫోర్డు సంస్థ ప్రదర్శించిన కాన్సల్, జెఫిర్ కార్లతో అది బాగా పేరుకెక్కింది. ఒక నిలువు గొట్టం, దాని లోపల ఊపును అణిచే డ్యాంపరు, చుట్టూ స్ప్రింగు. ఈ మొత్తాన్ని స్ట్రట్ అంటారు. దాని పై కొస రబ్బరు మౌంటుతో బాడీకి బిగించి ఉంటుంది. కింది కొస చక్రాన్ని మోసే నకిల్‌ను పట్టుకుంటుంది. నకిల్ అడుగున ఒక బాల్ జాయింటు. అక్కడి నుంచి అడ్డంగా బాడీ దాకా ఒక లోయర్ ఆర్మ్.

ఆ ఆర్మ్ బాడీని పట్టుకునేది ఒకే చోట. కాబట్టి అది తలుపులా ముందుకూ వెనక్కూ ఊగగలదు. ఊగకుండా ఆపేది స్టెబిలైజర్ బార్. మలుపులో బండి ఒరిగిపోకుండా చూడటం ఆ కడ్డీ అసలు పని. మారుతీ 800లో దానికి రెండో పని కూడా అప్పగించారు: బ్రేకు పడినప్పుడు చక్రం వెనక్కి పోకుండా పట్టి ఉంచడం. ఒకే కడ్డీతో రెండు పనులు చేయించుకుని బరువూ ఖర్చూ తగ్గించిన పొదుపైన ఆలోచన అది. కానీ ఆ కడ్డీ కొసల్లో ఉండే రబ్బరు బుష్‌లు అరిగిన రోజున రెండు పనులూ ఒకేసారి చెడతాయి. నా బండి కథ తేలింది చివరికి అక్కడే. అక్కడికి చేరడానికి ముందు దాటవలసిన మెట్లు కొన్ని ఉన్నాయి, అవన్నీ నేల దగ్గర నుంచే మొదలవుతాయి.

కారుకూ నేలకూ ఉన్న సంబంధమంతా నాలుగు అరచేతుల వైశాల్యంలో ముగుస్తుంది. మాటవరసకు అన్నది కాదు, లెక్క వేయవచ్చు. ఇద్దరు మనుషులు, పెట్రోలు కలుపుకుంటే మారుతీ 800 బరువు సుమారు 800 కిలోలు. చక్రానికి సగటున 200 కిలోలు. టైరులో 30 పీఎస్ఐ గాలి అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోల ఒత్తిడి. 200ను 2.1తో భాగిస్తే 95 చదరపు సెంటీమీటర్లు. టైరు గోడ బిగువును వదిలేసి వేసిన ఉజ్జాయింపు లెక్కే అయినా, తేలేది దాదాపు ఒక అరచెయ్యే. మలుపు తిప్పే బలమైనా ఆపే బలమైనా ఆ చిన్న మచ్చలోంచే రావాలి.

మలుపులో టైరు చూసే దిక్కు ఒకటి, అది నిజంగా పోయే దిక్కు మరొకటి. రబ్బరు పక్కకు సాగితేనే పక్క బలం పుడుతుంది కనుక ఈ రెండు దిక్కుల మధ్య కొద్ది డిగ్రీల తేడా తప్పదు. దాన్ని స్లిప్ కోణం అంటారు. ముందు చక్రాల స్లిప్ కోణం వెనకవాటికంటే ఎక్కువైతే బండి మలుపు లోపలికి రాకుండా బయటికి జారజూస్తుంది. వెనకవాటి కోణం ఎక్కువైతే తోక బయటికి పోయి బండి గిర్రున తిరగజూస్తుంది. 1930ల్లో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన బ్రిటిష్ ఇంజనీరు మారిస్ ఓలీ ఈ తేడాను శాస్త్రీయంగా పరిశీలించి, అండర్‌స్టీర్, ఓవర్‌స్టీర్ అనే మాటలకు కచ్చితమైన అర్థం ఏర్పరచినవారిలో ముఖ్యుడు. వెనక టైర్లలో గాలి తగ్గిస్తే చాలు, నెమ్మదస్తురాలైన బండి కూడా ఓవర్‌స్టీర్ వైపు మొగ్గుతుంది. రెండు టైర్లే కొత్తవి కొన్నప్పుడు వాటిని వెనక వేయమని టైరు తయారీదారులు చెప్పడంలోని మర్మం ఇదే. మన దగ్గర మాత్రం కొత్తవి ముందు వేయడమే ఆచారం. స్టీరింగు ముందే ఉంది కదా అన్నది అందుకు చెప్పే కారణం.

అందుచేత మొదటి పరీక్ష గాలి. అది కూడా పొద్దున్నే, బండి కదలకముందు చేయాలి. 30 పీఎస్ఐ ఉన్న టైరు 10 డిగ్రీలు వేడెక్కితే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం, అరవై కిలోమీటర్లు పరిగెత్తి వచ్చాక పెట్రోలు బంకులో చూసే అంకెను నమ్ముకుని గాలి తీసేస్తే, మర్నాడు పొద్దుటికి నాలుగు టైర్లూ మెత్తబడి ఉంటాయి. తర్వాత టైరు గోడ మీద అచ్చు వేసిన నాలుగంకెల సంఖ్య చూడాలి. 2317 అని ఉంటే అది 2017లో 23వ వారంలో తయారైన టైరు. తక్కువ తిరిగే పాత కార్లలో గాళ్ళు నిండుగా కనిపిస్తూనే రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది. ఆరేళ్ళు దాటాక ఏటా పరీక్షించుకోవాలి. పదేళ్ళయిన టైరును ఎంత బాగున్నట్టు కనిపించినా తీసివేయాలి.

ఇక అరచేత్తో టైరు మీద అడ్డంగా నిమరండి. లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి. ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపపు పళ్ళలా తగిలితే చక్రం తాను దొర్లే దారిలో నేరుగా లేదని అర్థం. చుట్టూ అక్కడక్కడ గుంటలు పడినట్టుంటే చక్రం నేల మీద ఎగిరెగిరి పడుతోంది, అంటే డ్యాంపరును అనుమానించాలి. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ. ఏ యంత్రమూ చెప్పని గత ఏడాది చరిత్ర ఆ రబ్బరు మీద రాసి ఉంటుంది. నా మటుకు నేను జాకీ కంటే ముందు చెయ్యినే వాడతాను.

ఇప్పుడు లాగుడు సంగతి. బండి ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంటే ముందు చక్రాలు రెంటినీ అటుదిటూ ఇటుదటూ మార్చి చూడాలి. తయారీలో టైరు ఒక అంచున కాస్త సన్నబడి శంకువు ఆకారానికి దగ్గరైతే, అది దొర్లే గ్లాసులా సన్నని వైపుకు తిరగజూస్తుంది. చక్రాలు మార్చాక లాగుడు కూడా దిక్కు మార్చుకుంటే తప్పు టైరుది. మార్చుకోకపోతే వెతుకులాట పైకి, కీళ్ళ వైపు సాగాలి. బాణం గుర్తు ఉన్న ఏకదిశ టైర్లతో మాత్రం ఈ పని చేయకూడదు. ఖర్చు లేని ఈ ప్రయోగం ముప్పావుగంటలో పూర్తవుతుంది. అయినా చేసేవారు అరుదు. ఒకసారికి ఒక్కటే మార్చడం, మార్చినదాన్ని తేదీతో సహా రాసిపెట్టుకోవడం మనవాళ్ళకు చాదస్తంలా అనిపిస్తుంది. ఒకే పూట టైర్లు మార్చి, అలైన్‌మెంట్ చేయించి, బుష్‌లు వేయించినవాడికి బండి బాగుపడవచ్చు. ఏది బాగుచేసిందో మాత్రం ఎన్నటికీ తెలియదు.

లాగుడులో రోడ్డు వాటా కూడా ఉంది. వాననీరు నిలవకుండా తారు రోడ్డును మధ్య నుంచి అంచులకు రెండు, రెండున్నర శాతం వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుస్తాం కనుక బండి ఎప్పుడూ ఎడమకు వాలిన నేల మీదే ఉంటుంది. 800 కిలోల కారు మీద రెండు శాతం వాలు అంటే 16 కిలోల బలం ఎడమకు తోస్తున్నట్టే. కాబట్టి పరీక్ష సమతలమైన ఖాళీ మైదానంలో, రెండు దిక్కుల్లోనూ చేయాలి.

వణుకు మరో రకం. నలభైలో లేని వణుకు ఎనభైలో వస్తుంది, నూరు దగ్గర ఒక్కోసారి మళ్ళీ తగ్గుతుంది. దీని వెనక అందమైన భౌతికశాస్త్రం ఉంది. 145/70 ఆర్12 టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.6 మీటర్లు పోతుంది. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు, అంటే సెకనుకు 14 చుట్లు. టైరు, స్ప్రింగుల మధ్య ఊగే చక్రపు సహజ పౌనఃపున్యం సాధారణంగా సెకనుకు 10 నుంచి 15 ఊపులు. ఈ రెండూ కలిసిన చోట, ఉయ్యాలను సరైన లయలో తోసినట్టు, చిన్న లోపం కూడా పెద్ద వణుకవుతుంది. రిమ్ము అంచున 20 గ్రాముల అసమతౌల్యం ఉందనుకుందాం. ఎనభై వేగంలో అది సుమారు 2.4 కిలోల బలంతో చక్రాన్ని సెకనుకు 14 సార్లు గుంజుతుంది. నలభైలో అదే లోపం గుంజేది 0.6 కిలోలే. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు కావడమే ఇందుకు కారణం. వణుకు స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలను, సీటులో తెలిస్తే వెనకవాటిని బ్యాలెన్సింగుకు ఇవ్వాలి. బ్యాలెన్సింగు అయ్యాకా వణికితే రిమ్ము వంగిందేమో చూడాలి. చక్రాన్ని జాకీ మీద లేపి, రిమ్ము పక్కన ఇటుక మీద ఒక పెన్సిలు ఆనించి మెల్లగా తిప్పితే వంపు కంటికే కనిపిస్తుంది.

జాకీ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. జాకీ బండిని లేపడానికే, మోయడానికి స్టాండ్లున్నాయి. చదునైన గట్టి నేల మీద, కింద చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, స్టాండ్ల మీదికి బరువు దింపాక కూడా విప్పిన స్టెప్నీని బాడీ అంచు కింద పడుకోబెట్టి ఉంచాలి. జాకీ ఒక్కటే ఉన్న బండి కింద తల పెట్టడం ఎంతటి అనుభవజ్ఞుడైనా చేయరాని పని.

లేపిన చక్రాన్ని గడియారం ముఖంగా ఊహించుకుని 12, 6 అంకెల దగ్గర రెండు చేతులతో పట్టి ఊపాలి. ఆడితే అనుమానితులు ఇద్దరు: వీల్ బేరింగు, బాల్ జాయింటు. వీటిని విడదీసే ఉపాయం చాలా సులువు. లోపలున్నవారిని బ్రేకు తొక్కి పట్టుకోమనాలి. బ్రేకు చక్రాన్నీ నకిల్‌నూ ఒక్కటిగా బిగిస్తుంది కనుక బేరింగు ఆట మాయమవుతుంది. అప్పటికీ ఆడుతుంటే ఆ ఆట బాల్ జాయింటుది. తర్వాత 3, 9 అంకెల దగ్గర పట్టి ఊపితే, స్టీరింగు కదలికను చక్రానికి అందించే టై రాడ్డు కొసనున్న కీలు, అంటే టై రాడ్డు ఎండ్ సంగతి తెలుస్తుంది. అది ఇంకా బాగా బయటపడేది చక్రాలు నేల మీదున్నప్పుడే. ఒకరు ఇంజను ఆపి స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే, మరొకరు టై రాడ్డు ఎండ్ మీద వేళ్ళు ఆనించి ఉంచాలి. కంటికి కనిపించని అర మిల్లీమీటరు ఆట వేళ్ళకు టక్కుమని తగులుతుంది.

మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నడిమికి రాకపోతే స్ట్రట్ పై కొసన ఉండే బేరింగు పట్టేసిందని మొదట అనుకోవాలి. స్టీరింగు నడిమికి రావడానికి మూలం, స్టీరింగుతో చక్రం తిరిగే ఇరుసుకు ఉండే క్యాస్టర్ అనే ఏటవాలు. చేతులు వదిలినా సైకిలు సాగిపోవడానికి తోడ్పడేవాటిలో అదీ ఒకటి. ఆసుపత్రిలో స్ట్రెచరు చక్రం తోసిన దిక్కుకు తిరిగేది కూడా ఆ సూత్రం మీదే. పై బేరింగు తుప్పు పట్టితే స్ప్రింగు చుట్టుకుని, టంగుమని వదులుతుంది. స్టీరింగు తిప్పుతున్నప్పుడు స్ప్రింగు మీద చెయ్యి ఆనిస్తే ఆ ఎగురు తెలుస్తుంది. వేళ్ళు చుట్ల మధ్య పెట్టవద్దు.

డ్యాంపర్ల గురించి క్లుప్తంగా చెబుతాను, అందరూ ముందుగా అనుమానించేది వాటినే కనుక. బండి మూలను గట్టిగా నొక్కి వదిలితే అది పైకి లేచి ఒక్క ఊపులో కుదురుకోవాలి. రెండు మూడు ఊపులు ఊగితే డ్యాంపరు పని అయిపోయింది. అయితే ఊగలేదు కాబట్టి బాగుందని తీర్పు ఇవ్వడానికి వీల్లేదు. చేత్తో నొక్కితే వచ్చే ఊపు సెకనుకు ఒకటిన్నర లోపు, గతుకుల రోడ్డు మీద చక్రం ఊగేది దానికి పదింతలు. అందువల్ల ఈ పరీక్షతో పాటు గొట్టం మీద ఆయిల్ కారిన తడి మరకనూ, టైరు మీద గుంటలనూ కలిపి చూడాలి. ఇక స్ట్రట్ నుంచి స్ప్రింగు విప్పే పని ఇంటి దగ్గర పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. సెంటీమీటరు అణచడానికి 18 కిలోల బలం కావలసిన స్ప్రింగును 15 సెంటీమీటర్లు అణచి ఉంచితే అందులో దాగే శక్తి, పది కిలోల రాయి రెండు మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తితో సమానం. సరైన కంప్రెసరు ఉన్న వర్క్‌షాపుకే ఆ పని వదిలేయాలి.

పద్మినీ, అంబాసిడర్ ఉన్నవారు ఒక అడుగు వెనక్కి వెళ్ళి పట్టాల స్ప్రింగులు చూడాలి. యు బోల్టులు వదులైనా, పట్టాల నడిమి బోల్టు తెగినా వెనక ఇరుసు ఒక పక్క జరిగిపోతుంది. అప్పుడు కారు వంకరగా నడుస్తుంది, ముందు చక్రాలను ఎంత సరిచేసినా స్టీరింగు నిటారుగా నిలవదు. గ్రీజు నిపుల్స్‌కు క్రమం తప్పకుండా గ్రీజు పెట్టించడం కూడా ఆ బండ్లకు సగం ప్రాణం.

నా బండి దగ్గరికి వస్తాను. గాలి సరిగానే ఉంది. ముందు చక్రాలు అటూ ఇటూ మార్చాను, లాగుడు దిక్కు మారలేదు. బ్రేకు తొక్కినప్పుడే లాగుతోంది కనుక బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పట్టేస్తోందేమోనని చూశాను. చక్రాలు లేపి, బ్రేకు తొక్కించి, వదిలించి తిప్పితే రెండూ ఒకేలా తిరిగాయి. పది కిలోమీటర్లు తిరిగొచ్చాక రిమ్ముల దగ్గర వేడి కూడా రెండు వైపులా ఒకేలా ఉంది. కీళ్ళలో ఆట లేదు. ఇక మిగిలింది, బ్రేకు పడినప్పుడు మాత్రమే బరువు మోసే భాగం ఏది అన్న ప్రశ్న.

లెక్క వేసి చూశాను. గట్టిగానే అయినా టైరు జారనంతగా బ్రేకు తొక్కితే బండి బరువులో సగమంత బలం, అంటే 400 కిలోలు, వెనక్కి పని చేస్తుంది. బరువు ముందుకు మొగ్గుతుంది కనుక అందులో సుమారు 70 శాతం ముందు చక్రాల వాటా. ఒక్కో చక్రానికి 140 కిలోలు. చక్రాన్ని స్ట్రట్ పై కొసన ఒకచోట, బాల్ జాయింటు దగ్గర ఒకచోట పట్టి ఉంచారు. నేల దగ్గర పుట్టిన బలం ఈ రెంటికీ కింద పనిచేస్తుంది కాబట్టి, మీటసూత్రం ప్రకారం బాల్ జాయింటు మీద పడేది 140 కంటే ఇంకా ఎక్కువే. ఆ బలమంతా లోయర్ ఆర్మ్ ద్వారా స్టెబిలైజర్ బార్ కొసనున్న గుప్పెడు రబ్బరు మీదికి వస్తుంది.

ఆ బలాన్ని ఇంటి ముందు తెప్పించడం సులువే. మా అబ్బాయిని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. నేను తలుపు చట్రం పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపాను. పక్కింటాయన చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య సందును చూస్తూ కూర్చున్నారు. కుడి చక్రం కదల్లేదు. ఎడమ చక్రం మాత్రం, బిగించి ఉన్న చక్రమే, నాలుగైదు మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కూ జరిగింది, ప్రతిసారీ టక్కు టక్కు మంటూ. “అదుగో, మళ్ళీ కదిలింది చూడండి” అని ఆయన అరిచిన అరుపుకు అబ్బాయి బ్రేకు వదిలేశాడు.

చక్రం అడుగు వెనక్కి జరిగితే క్యాస్టర్ తగ్గుతుంది. టై రాడ్డు పొడవు మారదు కనుక చక్రం ముఖం కూడా కొద్దిగా తిరుగుతుంది. రెండు వైపులా సమానంగా జరిగితే ఒకదాని ప్రభావాన్ని ఒకటి కొట్టేసుకునేవి. ఒకవైపే జరిగితే బండి ఎటో ఒకవైపు పోక తప్పదు. అలైన్‌మెంట్ యంత్రం ముందు నిలబడ్డప్పుడు ఆ బుష్ మీద బలమేమీ లేదు, అందుకే ఆకుపచ్చ అంకెలు.

పలుగుతో ఆర్మ్‌ను కొద్దిగా ఎడం చేసి చూస్తే రబ్బరు మూడు చోట్ల చీలి ఉంది. రబ్బరు చావుకు కిలోమీటర్లే కారణం కానక్కర్లేదు. సహజ రబ్బరు అణువుల గొలుసుల్లో ద్వంద్వ బంధాలుంటాయి. గాలిలోని ఓజోను వాటిని తెంపుతుంది. సాగి ఉన్న రబ్బరులో ఆ తెగుళ్ళు సాగిన దిక్కుకు అడ్డంగా పగుళ్ళవుతాయి. వేడి, ఆక్సిజను కలిసి మిగతా రబ్బరును గట్టిపరుస్తాయి. ఇంజను నుంచి కారే ఆయిలు తగిలితే అదే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో షెడ్డు లేకుండా నిలబెట్టిన బండి కదలకపోయినా ముసలిదవుతూనే ఉంటుంది.

బుష్‌లు రెండు వైపులా కొత్తవి వేశాను. ఒక వైపే వేస్తే కొత్త రబ్బరు బిగువుకూ పాత రబ్బరు మెత్తదనానికీ తేడా మిగిలి, లాగుడు కొద్దిగానైనా ఉండిపోతుంది. ఇక్కడ ఒక మెళకువ ఉంది, మంచి మెకానిక్కులు కూడా తొందరలో దాన్ని దాటేస్తుంటారు. లోయర్ ఆర్మ్ లోపలి కొసన ఉండే బుష్ లాంటివాటిలో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ కదిలినప్పుడు అది జారదు, మెలిపడుతుంది. బండి గాలిలో వేలాడుతుండగా ఆ బోల్టు బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి, ఇక ఎప్పటికీ ఆ మెలికలోనే ఉంటుంది. కొద్ది నెలల్లోనే చీలుతుంది. అందుకని అటువంటి బోల్టులను వదులుగా ఎక్కించి, బండిని నేల మీదికి దించి, నాలుగు సార్లు ముందుకు వెనక్కు దొర్లించి, ఆ తర్వాతే పూర్తిగా బిగించాలి.

అలైన్‌మెంట్ అప్పటిదాకా ఆగాలి. ఆడే కీళ్ళ మీద కొలిచిన కోణానికి విలువ లేదు. కొలత అంటే ముఖ్యంగా టో: రెండు ముందు చక్రాలు ఒకదానికొకటి ఎంత సమాంతరంగా ఉన్నాయన్నది. ఈ తరహా కార్లలో సాధారణంగా సర్దడానికి వీలున్నది ఇదొక్కటే. చక్రం నిటారుగా ఉందా, పక్కకు వాలిందా అన్న కొలత, అంటే క్యాంబర్ చూడాలంటే దారానికి ఇనుప గుండు కట్టి రిమ్ము పక్కన వేలాడదీసి, రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ దారం నుంచి దూరం కొలవవచ్చు. 12 అంగుళాల రిమ్ముకు ఐదారు మిల్లీమీటర్ల తేడా సుమారు ఒక డిగ్రీ. ఎడమ కుడి చక్రాల మధ్య పెద్ద తేడా వస్తే ఎక్కడో ఏదో వంగిందన్నమాట, అది పానాతో తీరే జబ్బు కాదు.

టో ఎంత సున్నితమో చెప్పడానికి ఒక లెక్క. సుమారు 500 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న టైరు, ముందంచుకూ వెనకంచుకూ మధ్య రెండు మిల్లీమీటర్లు తప్పుగా తిరిగి ఉందనుకోండి. వెయ్యిలో నాలుగు వంతుల తేడా. అంటే ప్రతి కిలోమీటరుకూ ఆ టైరు నాలుగు మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతున్నట్టు. విజయవాడకు వెళ్ళి వచ్చేసరికి రెండు కిలోమీటర్లు.

ఇంటి దగ్గర కొలిచే పద్ధతి ఇది. తాపీ మేస్త్రీల నీళ్ళ పైపుతో చదును చూసుకున్న నేల మీద బండిని నిలిపి, స్టీరింగును నిటారుగా కట్టేయాలి. ముందు చక్రాల కింద, మధ్యలో కొద్దిగా గ్రీజు రాసిన రెండేసి పాలిథిన్ కాగితాలు వేస్తే టైర్లు నేలను పట్టుకోకుండా తమ సహజ స్థితికి జారతాయి. బండికి రెండు పక్కలా, చక్రాల నడిమి ఎత్తున, నాలుగు స్టూళ్ళ సాయంతో రెండు దారాలు లాగి కట్టాలి. రెండు దారాల మధ్య దూరం ముందూ వెనకా ఒక్కటే ఉండాలి. బండి వాటి నడుమ సరిగ్గా మధ్యలో ఉండాలి. అప్పుడు దారం నుంచి రిమ్ము ముందంచుకూ వెనకంచుకూ దూరాలు తీసుకోవాలి. అంతటితో ఆపకూడదు. బండిని చక్రం అర చుట్టు తిరిగేంత ముందుకు దొర్లించి, మళ్ళీ అన్నీ సర్ది, మళ్ళీ కొలిచి, రెండు కొలతల సగటు తీయాలి. రిమ్ములో ఉన్న చిన్న వంపు మొదటిసారి ఒక వైపు తప్పు చూపిస్తే, రెండోసారి అంతే తప్పు ఎదుటి వైపు చూపిస్తుంది. సగటులో రెండూ పోతాయి.

సర్దేటప్పుడు తొందర పనికిరాదు. టై రాడ్డు మర చుట్ల మధ్య దూరం ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఆ రాడ్డును నకిల్‌కు కలిపే స్టీరింగు చెయ్యి పొడవు పది సెంటీమీటర్లు అనుకుంటే, రాడ్డును ఒక పూర్తి చుట్టు తిప్పితే ఆ చక్రం టో ఏడున్నర మిల్లీమీటర్లు మారుతుంది. పావు చుట్టుకే దాదాపు రెండు మిల్లీమీటర్లు. రెండు వైపులా సమానంగా తిప్పకపోతే స్టీరింగు వంకరగా నిలుస్తుంది. ఆ బండికి ఎంత టో ఉండాలో దాని సర్వీసు పుస్తకం చెబుతుంది, పక్కవారి బండి అంకె పనికిరాదు. ఇంటి కొలత తర్వాత ఒకసారి యంత్రం మీద సరిచూసుకోవడంలో తప్పేమీ లేదు. నేనూ వెళ్ళాను, నాలుగోసారి. ఈసారి కూడా అంకెలు ఆకుపచ్చగానే ఉన్నాయి.

ఆ వారమే తెల్లవారుజామున ఊరి బయటి ఖాళీ రోడ్డు మీద అరవైలో, వెనక ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, బ్రేకు తొక్కాను. బండి గీసిన గీత మీద ఆగింది. తిరుగు దారిలో, రోడ్డు ఎడమ అంచున, స్టీరింగు మీద పట్టు కొద్దిగా సడలించాను. మెల్లగా, చాలా మెల్లగా, ఎడమకు జరిగింది. వాహనాలేవీ లేని చోట రోడ్డు కుడి సగంలోకి వెళ్ళి చూస్తే అంతే మెల్లగా కుడికి జరిగింది. అది రోడ్డు వాలు. మార్పులు రాసుకునే పుస్తకంలో ఆ తేదీ పక్కన అలాగే రాసి, పానాలు సంచిలో సర్దేశాను.